ఒకే కంపెనీ, నాలుగు లాభాలు



2025 మే నెలలో ఐటీసీ కంపెనీ తన జనవరి-మార్చి త్రైమాసిక ఫలితాలు ప్రకటించింది. గుంటూరు పొగాకుతోనూ, గోదావరి ఒడ్డున సారపాకలో ఉన్న భద్రాచలం కాగితం మిల్లుతోనూ మన ప్రాంతానికి దశాబ్దాలుగా ముడిపడిన కంపెనీ అది. మన ఇళ్లల్లో దాని షేర్లున్నవాళ్లు చాలామందే ఉంటారు. ఆ మూడు నెలల్లో కంపెనీ నికర లాభం సుమారు 19,500 కోట్ల రూపాయలు. అంతకు ముందు ఏడాది అవే మూడు నెలల్లో వచ్చింది 5,000 కోట్ల పైచిలుకు. అంటే ఏడాది తిరిగేసరికి లాభం దాదాపు నాలుగింతలయింది. అది చూసి షేరు చవకగా దొరుకుతోందని అనుకున్నవాళ్లు ఉండే ఉంటారు. అలా అనుకోవడానికి లెక్క కూడా సాయపడుతుంది.

ఆ లెక్క ఎలా సాయపడుతుందో చూద్దాం. ఆ ఆర్థిక సంవత్సరం మొత్తానికి ఐటీసీ సొంత ఖాతాల ప్రకారం నికర లాభం 35,000 కోట్లు. కంపెనీకి ఉన్న షేర్లు సుమారు 1,250 కోట్లు. భాగిస్తే షేరుకు 28 రూపాయలు. ఫలితాలు వచ్చిన రోజుల్లో షేరు ధర 425 రూపాయల దగ్గర ఉంది. 425ను 28తో భాగిస్తే 15. షేరు ధర లాభానికి 15 రెట్లు ఉందన్నమాట. ఇంత పేరున్న కంపెనీకి అది చవకే.

కాని ఆ 35,000 కోట్లలో 15,000 కోట్లకు పైగా సొమ్ము ఎవరి చేతికీ రాలేదు. 2025 జనవరి 1 నుంచి ఐటీసీ తన హోటళ్ల వ్యాపారాన్ని వేరే కంపెనీగా విడదీసింది. మాధాపూర్‌లో మనం చూసే కోహినూర్ కూడా ఆ హోటళ్లలో ఒకటి. కొత్త కంపెనీలో 40 శాతం తన దగ్గర ఉంచుకుని, మిగతా 60 శాతాన్ని పది షేర్లకు ఒక షేరు చొప్పున వాటాదారులకు పంచింది. ఇలా పంచేటప్పుడు ఆ ఆస్తికి నేటి విలువ కట్టి, పుస్తకాల్లో ఉన్న పాత విలువకూ దానికీ ఉన్న తేడాను లాభంగా చూపాలన్నది అకౌంటింగ్ నియమం. కంపెనీ ఆ నియమాన్ని పాటించింది, తప్పేమీ చేయలేదు. ఆ లాభం నిలిపివేసిన వ్యాపారాలకు చెందిందని విడిగా రాసి మరీ చూపింది. అయితే ఆ అంకెను ఏటా వచ్చే లాభంగా తీసుకోవడం ఎలాంటిదంటే, ఒక పెద్దాయన తన పొలంలో ఒక ఎకరాన్ని పిల్లలకు రాసిచ్చి, ఆ ఎకరం ధరను ఆ ఏటి పంట ఆదాయంలో కలిపి చెప్పుకున్నట్లు. వచ్చే ఏడు ఆ ఆదాయం రాదు, పైగా ఎకరం పంట కూడా తగ్గుతుంది. హోటళ్లను పక్కన పెట్టి, కొనసాగుతున్న వ్యాపారాల లాభం మాత్రమే తీసుకుంటే షేరుకు వచ్చేది సుమారు 16 రూపాయలు. అప్పుడు ధర లాభానికి 26, 27 రెట్లు. అదే కంపెనీ, అదే రోజు, అదే ధర. ఒక లెక్కలో 15 రెట్లు, ఇంకో లెక్కలో 27 రెట్లు.

శ్రోతలారా, ఈ రోజు నేను మాట్లాడదలచుకున్నది ఈ తేడా గురించే. షేరు ఒక్కింటికి లాభం, మార్కెట్ భాషలో ఈపీఎస్. నికర లాభాన్ని షేర్ల సంఖ్యతో భాగిస్తే వచ్చే అంకె. ధరను దీనితో భాగిస్తే పీఈ వస్తుంది. పీఈ గురించి మాట్లాడేవాళ్లు ఎందరో ఉన్నారు. ఆ పీఈ కింద ఉన్న ‘ఈ’ ఏ లాభమో అడిగేవాళ్లు తక్కువ. కంపెనీ ఇచ్చే ఒక్క ఫలితాల కాగితంలోనే ఈపీఎస్ అని రాసిన అంకెలు నాలుగో ఆరో ఉంటాయి. వాటిలో ఏది తీసుకోవాలన్నది మీరు ధర చూడకముందే నిర్ణయించుకోవాలి. ధర చూసిన తర్వాత ఎంచుకుంటే, కొనాలని మనసు పడ్డ షేరుకు పెద్ద అంకె, అమ్మాలని ఉన్న షేరుకు చిన్న అంకె కంటికి ఆనుతాయి. మనిషి మనసు అలా పనిచేస్తుంది.

ఇది కొత్త సమస్య కాదు. బెంజమిన్ గ్రాహం పేరు మీలో చాలామంది వినే ఉంటారు. లండన్‌లో పుట్టి, న్యూయార్క్‌లో పెరిగి, కొలంబియా విశ్వవిద్యాలయంలో పాఠం చెప్పిన మనిషి. వారెన్ బఫెట్‌కు గురువు. ఆయన రాసిన ‘ది ఇంటెలిజెంట్ ఇన్వెస్టర్’ 1949లో వచ్చింది. ఆ పుస్తకం 1973 కూర్పులో షేరు లాభాల మీద ఒక అధ్యాయమే ఉంది. అందులో ఆయన ఆల్కోవా అనే అల్యూమినియం కంపెనీ 1970 ఫలితాలను తీసి చూపించారు. ఆ అంకెలు నెమ్మదిగా చెబుతాను, వీలుంటే రాసుకోండి.

మామూలు లెక్కన షేరుకు లాభం 5 డాలర్ల 20 సెంట్లు. ఆ ఏడాది కొన్ని కార్యకలాపాలు మూసివేయడానికయ్యే ఖర్చుల వంటివాటిని ప్రత్యేక ఖర్చులుగా రాశారు. అవి తీసివేస్తే 4 డాలర్ల 32 సెంట్లు. ఇక కంపెనీ ఇచ్చిన మార్పిడి బాండ్లన్నీ షేర్లుగా మారితే షేర్ల సంఖ్య పెరుగుతుంది కదా, ఆ లెక్కన, ప్రత్యేక ఖర్చులు తీయకుండా, 5 డాలర్ల ఒక సెంటు. అదీ ఇదీ రెండూ లెక్కలోకి తీసుకుంటే 4 డాలర్ల 19 సెంట్లు. ఒకే కంపెనీ, ఒకే సంవత్సరం, నాలుగు లాభాలు. పై అంకెకూ కింది అంకెకూ తేడా దాదాపు అయిదో వంతు. నాలుగూ నియమాల ప్రకారం వచ్చినవే, నాలుగూ అచ్చులో ఉన్నవే.

గ్రాహం అక్కడ అడిగిన ప్రశ్న నాకు చాలా ఇష్టం. ఆ ప్రత్యేక ఖర్చులు 1970కి చెందవట, ఎందుకంటే అవి ప్రత్యేకం. 1971కీ చెందవు, ఎందుకంటే 1970లోనే రాసేశారు. మరి ఏ సంవత్సరానికి చెందుతాయి? వాటాదారుడి సొమ్ము ఖర్చయింది నిజం, కాని ఏ ఏడాది లాభంలోనూ అది కనిపించదు. ఈ ప్రశ్నను మనసులో ఉంచుకోండి. ఈ ప్రసంగంలో నేను గట్టిగా చెప్పదలచిన మాట దీనికి సంబంధించిందే.

హైదరాబాదు కంపెనీ అయిన డాక్టర్ రెడ్డీస్‌ను ఉదాహరణగా తీసుకుంటాను. 2019-20 ఆర్థిక సంవత్సరం. జులై-సెప్టెంబరు త్రైమాసికంలో కంపెనీకి సుమారు 1,090 కోట్ల లాభం వచ్చింది. అమెరికాలో నరాల జబ్బులకు సంబంధించిన రెండు మందుల హక్కులను మరో కంపెనీకి ఇచ్చినందుకు వచ్చిన సుమారు 700 కోట్లు అందులో కలిసి ఉన్నాయి. అప్పుడు కంపెనీకి 16 కోట్ల 60 లక్షల షేర్లుండేవి. అంటే ఆ మూడు నెలలకే షేరుకు 65 రూపాయలు. దీన్ని నాలుగుతో గుణించి, ఏడాదికి 260 రూపాయలని ఎవరైనా లెక్క వేసుకుంటే, 2,800 రూపాయల అటూ ఇటూ ఉన్న అప్పటి ధర లాభానికి 11 రెట్లు కూడా కాదు. సరిగ్గా తర్వాతి మూడు నెలల్లో అదే కంపెనీకి 500 కోట్లు దాటిన నష్టం. నాలుగు త్రైమాసికాలూ కలిపితే, చివరికి ఏడాది ఈపీఎస్ తేలింది 120 రూపాయల దగ్గర. పీఈ 11 కాదు, 23.

ఆ నష్టం ఎందుకు వచ్చిందో చూస్తేనే అసలు పాఠం తెలుస్తుంది. 2016లో డాక్టర్ రెడ్డీస్ అమెరికా మార్కెట్ కోసం టెవా అనే కంపెనీ నుంచి ఎనిమిది మందుల హక్కులు కొన్నది. ధర 35 కోట్ల డాలర్లు. అందులో ఒకటి మహిళలు వాడే గర్భనిరోధక రింగు. అది మార్కెట్లోకి రావడానికి ఆలస్యమైంది. ఈలోగా పోటీ కంపెనీ తన మందును విడుదల చేసింది. దాంతో ఆ హక్కు విలువ తగ్గిందని కంపెనీ ఒప్పుకుని, దాని మీదే వెయ్యి కోట్లకు మించిన మొత్తాన్ని ఒక్క త్రైమాసికంలో నష్టంగా రాసేసింది. చాలామంది విశ్లేషకులు అలాంటి మొత్తాన్ని పక్కన పెట్టి, సర్దుబాటు చేసిన లాభం అని ఇంకో అంకె ఇస్తారు. నగదు పోలేదు కదా, పుస్తకాల్లో రాతే కదా అంటారు. నగదు పోయింది. 2016లోనే పోయింది. ఆ రోజు అది ఖర్చుగా కాక ఆస్తిగా నమోదయింది. మందు ఇంకా అమ్మకానికి రాలేదు కనుక లాభనష్టాల పట్టికలోకి రాలేదు. రావలసిన రోజు వచ్చినప్పుడు, ఇది ప్రత్యేకం, లెక్కలోకి తీసుకోవద్దన్నారు. ఇక ఆ సొమ్ము వాటాదారుడి లెక్కలో ఎప్పుడు పడుతుంది? గ్రాహం 1970 గురించి అడిగిన ప్రశ్నే ఇది.

ఇలాంటి ఖర్చులను ఒక్క ఏడాది మీద మోపడమూ సరికాదు, అసలు లేవనుకోవడమూ సరికాదు. అయిదేళ్లో ఏడేళ్లో తీసుకుని, ఆ కాలం మొత్తం మీద పరచాలి. మందుల కంపెనీకి కొన్న హక్కుల్లో కొన్ని విఫలం కావడం, ఉక్కు కంపెనీకి ఒక ప్లాంటు మూతపడడం, బ్యాంకుకు మొండి బాకీలు పెరగడం ఆ వ్యాపారాల్లో భాగం. ఏ ఏడాది జరుగుతాయో తెలియదు కాని జరుగుతాయి. గత పదేళ్ల నివేదికల్లో ఆరేడు సార్లు అసాధారణ అంశం అనే వరుస నిండి ఉన్న కంపెనీకి అది అసాధారణం కాదు, ఆ కంపెనీ మామూలు ఖర్చు. అలాగే ఆస్తి అమ్మిన లాభం వచ్చినప్పుడు దాన్ని మామూలు లాభంలో కలిపి చూపి, నష్టం వచ్చినప్పుడు మాత్రం విడిగా పెట్టమనే కంపెనీని నేను నమ్మను.

ఈ తేడా ఎంత పెద్దది కాగలదో అమెరికా మార్కెట్ 2008లో చూపించింది. అక్కడి ఎస్ అండ్ పీ 500 సూచీకి రెండు రకాల ఈపీఎస్ లెక్క కడతారు. ఒకటి కంపెనీలు అధికారికంగా నివేదించిన లాభం. రెండోది ప్రత్యేక అంశాలు తీసేసిన ఆపరేటింగ్ లాభం. 2008 సంవత్సరానికి ఆపరేటింగ్ లెక్కన వచ్చింది 49 పాయింట్ల పైన. నివేదించిన లెక్కన 15 పాయింట్లు కూడా లేదు. ఆ ఏడాది చివరి మూడు నెలల్లో ఆపరేటింగ్ లాభం దాదాపు సున్నా అయితే, నివేదించిన లెక్కన 23 పాయింట్ల నష్టం. ఒకే 500 కంపెనీలు, ఒకే సంవత్సరం. ఇక్కడ ఇంకో సంగతి కూడా గమనించాలి. నివేదించిన లాభం అంత అడుగంటడం వల్ల 2009 మొదటి సగంలో ఆ సూచీ పీఈ 100 దాటి కనిపించింది. ధరలు పాతాళానికి పడి, కొనడానికి నిజంగా మంచి రోజులొచ్చినప్పుడు, ఒక్క ఏడాది ఈపీఎస్‌ను నమ్ముకున్నవాళ్లకు మార్కెట్ ఎన్నడూ లేనంత ఖరీదుగా కనిపించింది. అంటే ప్రత్యేక అంశాలను తీసేసిన అంకె ఒక దారిన తప్పుదోవ పట్టిస్తే, తీయని ఒక్క ఏడాది అంకె ఇంకో దారిన తప్పుదోవ పట్టిస్తుంది.

ప్రత్యేక అంశాలను ఏం చేయాలన్నది మొదటి ఎంపిక. ఇక రెండోది. కంపెనీ సొంత ఖాతాలా, అనుబంధ కంపెనీలను కలిపిన ఖాతాలా? స్టాండలోన్, కన్సాలిడేటెడ్ అని వింటుంటారు. టాటా మోటార్స్ 2018-19 ఫలితాలు తీయండి. సొంత ఖాతాల్లో సుమారు 2,000 కోట్ల లాభం, షేరుకు దాదాపు 6 రూపాయలు. కలిపిన ఖాతాల్లో 28,800 కోట్ల నష్టం, షేరుకు 85 రూపాయల నష్టం. 2008లో కొన్న జాగ్వార్ ల్యాండ్ రోవర్ ఆస్తుల విలువను 27,800 కోట్ల మేర తగ్గించి రాయడం వల్ల వచ్చిన నష్టం అది. సొంత ఖాతాలే చూసినవాడికి లాభాల్లో ఉన్న కంపెనీ, కలిపి చూసినవాడికి దేశ కార్పొరేట్ చరిత్రలోనే అతి పెద్ద నష్టాల్లో ఒకటి మోసిన కంపెనీ. షేరు కొన్నవాడు కొన్నది మొత్తం సంసారాన్ని కనుక కలిపిన ఖాతాలే చూడాలి. ఇందులో నాకు సందేహం లేదు.

మన దేశంలో ఈ మార్పు ఆలస్యంగా వచ్చింది. లిస్టయిన కంపెనీలు మూడు నెలలకోసారి కలిపిన ఫలితాలు ఇచ్చి తీరాలన్న సెబీ నిబంధన 2019 ఏప్రిల్ నుంచే అమల్లోకి వచ్చింది. నిఫ్టీ సూచీ పీఈని కూడా 2021 మార్చి చివరిదాకా సొంత ఖాతాల లాభంతోనే లెక్క కట్టేవారు. ఆ నెలాఖరున కలిపిన లాభాలకు మారగానే, 40 దాటి ఉన్న నిఫ్టీ పీఈ ఒక్క రోజులో 33 దగ్గరకు దిగింది. మార్కెట్ పడలేదు, లాభాలు పెరగలేదు. భాగించే అంకె మారింది, అంతే. కనుక ఇరవై ఏళ్ల నిఫ్టీ పీఈ గ్రాఫు చూపించి ఇప్పుడు మార్కెట్ చవకగా ఉందని ఎవరైనా చెబితే, 2021కి ముందూ వెనకా ఒకే కొలత కాదన్న సంగతి వాళ్లకు గుర్తు చేయండి.

కలిపిన ఖాతాల్లో ఒక మెలిక ఉంది. అనుబంధ కంపెనీ మొత్తం లాభం పైన కలుస్తుంది, కాని అందులో బయటివాళ్ల వాటా కూడా ఉంటుంది. బజాజ్ ఫిన్‌సర్వ్ కలిపిన లాభంలో దాదాపు సగం, దాని కింద ఉన్న బజాజ్ ఫైనాన్స్ వంటి కంపెనీల్లోని ఇతర వాటాదారులది. ఈపీఎస్ లెక్కలో ఆ వాటా తీసేసిన తర్వాతి లాభమే తీసుకుంటారు. పట్టికలో పైన కనిపించే మొత్తం లాభాన్ని మీరే షేర్ల సంఖ్యతో భాగించుకుంటే తప్పు లెక్క వస్తుంది. మాతృసంస్థ వాటాదారులకు చెందే లాభం అన్న వరుస వెతకండి. సొంత ఖాతాలకు ఉన్న ఉపయోగం వేరు. డివిడెండ్ ఇచ్చేది మాతృసంస్థ తన సొంత లాభం నుంచి. డివిడెండ్ మీద ఆధారపడే పెద్దలు ఆ అంకెను కూడా చూసుకోవాలి.

మూడోది, షేర్ల సంఖ్య. బేసిక్ ఈపీఎస్ అంటే ఆ ఏడాదిలో సగటున ఉన్న షేర్లతో భాగించింది. ఏడాది మధ్యలో కొత్త షేర్లు జారీ చేస్తే అవి ఉన్న రోజుల మేరకే లెక్కలోకి వస్తాయి. డైల్యూటెడ్ అంటే ఉద్యోగులకిచ్చిన స్టాక్ ఆప్షన్లు, మార్పిడి బాండ్లు, వారంట్లు షేర్లుగా మారితే ఎలా ఉంటుందో కూడా కలిపిన లెక్క. ఎప్పుడూ డైల్యూటెడ్ తీసుకోండి. పెద్ద పాత కంపెనీల్లో ఈ రెండింటికీ తేడా పైసల్లోనే ఉంటుంది, దాని మీద ఎక్కువ సమయం పెట్టనక్కర్లేదు. తేడా నాలుగైదు శాతం దాటితే మాత్రం ఎందుకో తెలుసుకోవాలి.

అయితే నష్టాల్లో ఉన్న కంపెనీల విషయంలో డైల్యూటెడ్ అంకె మనకు అక్కరకు రాదు. ఇది చాలామందికి తెలియని సంగతి. నష్టాన్ని ఎక్కువ షేర్లతో భాగిస్తే షేరుకు నష్టం తగ్గినట్లు కనిపిస్తుంది. అలా చూపకూడదని నియమం. అందుకే నష్టాల కంపెనీలో సాధారణంగా బేసిక్, డైల్యూటెడ్ ఒకటే అంకెగా ఉంటాయి. షేర్లు పెరగబోవన్న భ్రమ అక్కడే కలుగుతుంది. వొడాఫోన్ ఐడియానే చూడండి. ప్రభుత్వానికి కట్టవలసిన బకాయిల్లో 16,133 కోట్లు 2023 ఫిబ్రవరిలో పది రూపాయలకొక షేరు చొప్పున షేర్లుగా మారాయి. అంటే 1,613 కోట్ల కొత్త షేర్లు. 2025లో ఇంకో 36,950 కోట్ల బకాయి అలాగే మారి, ప్రభుత్వ వాటా 49 శాతం దగ్గరకు చేరింది. ఈ కంపెనీ ఎప్పటికైనా లాభాల్లోకి వస్తే ఆ లాభాన్ని పంచుకునే షేర్లెన్ని అన్నది పాత ఈపీఎస్ చెప్పదు. కంపెనీ అప్పులు ఎలా తీరబోతున్నాయో చదివితేనే తెలుస్తుంది.

స్టాక్ ఆప్షన్ల గురించి ఇంకొక్క మాట. కొన్ని కొత్త తరం కంపెనీలు ఉద్యోగులకిచ్చిన షేర్ల ఖర్చును తీసేసి, అది లేకపోతే మేము లాభాల్లో ఉన్నామని ప్రకటిస్తాయి. ఉద్యోగికి జీతం బదులు షేరిస్తే అది వాటాదారుడి జేబులోంచి ఇచ్చిన జీతం. దాన్ని తీసేసి చూపిన అంకెను నేను లెక్కలోకి తీసుకోను, మీరూ తీసుకోవద్దని నా మనవి.

బోనస్, విభజన సంగతి తేలిక. డాక్టర్ రెడ్డీస్ 2024 అక్టోబరులో ఒక షేరును అయిదు చేసింది. టాటా స్టీల్ 2022 జులైలో ఒకటిని పది చేసింది. కంపెనీలు తమ కొత్త నివేదికల్లో పాత ఈపీఎస్‌లను సవరించి చూపుతాయి. మీరు దాచుకున్న పాత నివేదికలో, పాత పేపరు కోతలో ఉన్న అంకె సవరణ కానిది. పోల్చేముందు భాగించుకోండి.

ఇప్పుడు అన్నిటికంటే కష్టమైన ఎంపికకు వస్తున్నాను. ఏ కాలపు లాభం? గడిచిన నాలుగు త్రైమాసికాలదా, వచ్చే ఏడాది అంచనానా, కొన్నేళ్ల సగటా? టాటా స్టీల్ కథ చెబుతాను, ఎందుకంటే ఉక్కు వంటి వ్యాపారంలో ఇది కళ్లకు కట్టినట్లు కనిపిస్తుంది. 2021-22లో ఉక్కు ధరలు ఆకాశానికంటాయి. కంపెనీ కలిపిన ఈపీఎస్, నేటి షేర్ల లెక్కకు సవరించి చెబితే, సుమారు 33 రూపాయలు. ఆ ఆర్థిక సంవత్సరం ముగిసేనాటి ధర, అదే సవరణతో, 130 రూపాయలు. పీఈ నాలుగు. అంత పెద్ద కంపెనీ నాలుగు రెట్ల ధరకు దొరుకుతోందంటే ఎవరికైనా ఆశ పుడుతుంది. మరుసటి ఏడాది ఈపీఎస్ 7 రూపాయలు. ఆ పై ఏడాది మూడున్నర రూపాయల నష్టం. మూడేళ్ల సగటు తీస్తే 12 రూపాయలు. అందులో బంగారు సంవత్సరం ఒకటి ఉండబట్టే అంతయినా వచ్చింది.

ఉక్కు, సిమెంటు, చక్కెర, గనులు, ఎరువులు వంటి వ్యాపారాల్లో లాభం శిఖరాన ఉన్నప్పుడు పీఈ తక్కువగా, లాభం అడుగంటినప్పుడు పీఈ ఎక్కువగా కనిపిస్తుంది. ఒక్క ఏడాది ఈపీఎస్‌తో వీటికి విలువ కట్టేవాడు శిఖరంలో కొని, లోయలో అమ్ముకుంటాడు. అందుకే గ్రాహం తన సహరచయిత డేవిడ్ డాడ్‌తో కలిసి 1934లో రాసిన ‘సెక్యూరిటీ అనాలిసిస్’ లోనే అయిదేళ్లకు తగ్గకుండా, వీలైతే ఏడు నుంచి పదేళ్ల సగటు చూడమన్నారు. జాగ్రత్తపరుడైన మదుపరికి ఆయన పెట్టిన గీత కూడా మూడేళ్ల సగటు లాభానికి 15 రెట్లు మించని ధర. తర్వాత రాబర్ట్ షిల్లర్ మొత్తం మార్కెట్‌కు పదేళ్ల సగటు లాభాన్ని, ద్రవ్యోల్బణం సవరించి, వాడుకలోకి తెచ్చారు.

సగటుకు ఒక లోపం ఉంది, అది దాచను. ఏటా పదిహేను శాతం పెరిగే కంపెనీకి ఏడేళ్ల సగటు దాని నేటి శక్తిని తక్కువ చేసి చూపుతుంది. అలాంటి కంపెనీకి గడిచిన నాలుగు త్రైమాసికాల లాభాన్ని తీసుకోవచ్చు. కాని సగటును కూడా పక్కన పెట్టుకోండి. రెండు పీఈలకూ మధ్య ఉన్న ఎడమే, ఎదుగుదల ఇలాగే సాగుతుందన్న నమ్మకానికి మీరు చెల్లిస్తున్న ధర. వచ్చే ఏడాది అంచనా ఈపీఎస్‌ను ఇక్కడ మూడో సాక్షిగా తప్ప నేను వాడను. ఇంకా సంపాదించని డబ్బు అది.

నేను ఏది వాడతానని అడుగుతారు కదా, చెబుతాను. కలిపిన ఖాతాల నుంచి, మాతృసంస్థ వాటాదారులకు చెందే, కొనసాగుతున్న వ్యాపారాల డైల్యూటెడ్ ఈపీఎస్. అసాధారణ లాభనష్టాలను తీసేయకుండా, కనీసం అయిదేళ్ల మీద పరచి తీసిన సగటు. ఎగుడుదిగుడు వ్యాపారాలకు పదేళ్లు. రెండు కంపెనీలను పోల్చేటప్పుడు రెండింటికీ అదే కొలత, అదే కాలం. మీ కొలత వేరుగా ఉండవచ్చు. కాని ఒకటి ఎంచుకున్న తర్వాత షేరును బట్టి దాన్ని మార్చకండి.

ఇంత చేసినా ఈపీఎస్ అన్నది ఖాతాల పుస్తకం ఎంత నిజమో అంతే నిజం. సత్యం కంప్యూటర్స్‌ను హైదరాబాదు మరిచిపోలేదు. 2009 జనవరి 7న ఛైర్మన్ రాసిన లేఖలో ఒక్క 2008 సెప్టెంబరు త్రైమాసికానికే 649 కోట్లుగా చూపిన నిర్వహణ లాభం నిజానికి 61 కోట్లేనని ఉంది. ఆ కంపెనీ ఈపీఎస్‌ను ఏ రకంగా ఎంచుకున్నా తప్పే అయ్యేది. అందుకే ఈపీఎస్ పక్కనే కార్యకలాపాల నుంచి వచ్చిన నగదు అనే వరుస కూడా చూడాలి. అయిదేళ్ల లాభాల మొత్తమూ, అయిదేళ్ల నగదు మొత్తమూ పక్కపక్కన రాయండి. నగదు బాగా వెనకబడి ఉంటే కారణం దొరికేదాకా కొనవద్దు. నగదు లెక్క కూడా కల్పితం కాగలదని సత్యం నిరూపించింది కనుక, కంపెనీ చూపే నిల్వకు తగ్గ వడ్డీ ఆదాయం వస్తోందా, డివిడెండ్ ఇస్తోందా అన్నది కూడా చూసుకోండి.

ఇవన్నీ చూడడానికి పెద్ద చదువులు అక్కర్లేదు. లిస్టయిన ప్రతి కంపెనీ వార్షిక నివేదిక ఉచితంగా దొరుకుతుంది. లాభనష్టాల పట్టిక చివరి వరుసల్లో ఈ ఈపీఎస్‌లన్నీ ఉంటాయి. వాటిని ఎలా లెక్క కట్టారో చెప్పే నోట్ వెనక పేజీల్లో ఉంటుంది. ఈ వారం మీ దగ్గర ఎక్కువ షేర్లున్న ఒక్క కంపెనీ నివేదిక తీయండి. ఆ నోట్ చదివి, అయిదేళ్ల అంకెలు ఒక కాగితం మీద మీ చేత్తో రాసుకోండి. ధర ఆ తర్వాత చూడండి. నేను పేర్లు చెప్పిన కంపెనీల్లో దేన్నీ కొనమనో అమ్మమనో నా ఉద్దేశం కాదు. అవి ఉదాహరణలు మాత్రమే.